తోల్ షాపు నీళ్ళు: శుద్ధి చేస్తే ఏది ఎక్కడికి పోతుంది?

మా సంఘం ఊళ్ళలో చేసే మూఢనమ్మకాల వ్యతిరేక కార్యక్రమాల్లో నా వంతు ఎప్పుడూ రసాయనాలే. నాలుక మీద కర్పూరం వెలిగించుకోవడం, చెంపకు శూలం గుచ్చుకోవడం కుర్రాళ్ళు చేస్తారు. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కాబట్టి నీళ్ళ రంగులు మార్చే పని నాకు వదిలేశారు. నిమ్మకాయ కోస్తే రక్తం రావడం, సున్నపు తేటలో ఒక చుక్క వేస్తే ఎర్రబడటం, ఇలాంటివన్నమాట.

2013లో చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో కార్యక్రమం పెట్టాం. ఆ రోజు కొత్తది చూపిద్దామని క్రోమ్ ఆలం నీళ్ళలో కరిగించి, కాచి, చల్లార్చి తీసుకువెళ్ళాను. ముదురు పచ్చగా ఉంటుంది. ఒక గాజు జాడీలో పోసి, చెంచాడు మెగ్నీషియా కలిపి, అరగంటసేపు బాబాల గురించి మాట్లాడాను. ఈలోపు పచ్చదనమంతా అడుగుకు దిగి పైన నీళ్ళు తేటపడ్డాయి. "ఎవరైనా విభూది చల్లి మురికి నీళ్ళను తేట చేశానంటే నమ్మకండి, నేను వేసింది అజీర్ణం మందుల్లో కూడా వాడే తెల్లపొడి" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు.

వెనక నిలబడ్డ ఒక కుర్రాడు చెయ్యి ఎత్తాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళుంటాయి. "సార్, మా నాయన రాణిపేటలో తోల్ షాపులో పని చేస్తాడు. ఆడ నీళ్ళు గూడా ఇట్లే పచ్చగా ఉంటాయి. ఆ పచ్చ యాడికి పొయ్యింది సార్?" అన్నాడు. జాడీ అడుగున ఉన్న మడ్డి చూపించాను. "దాన్నేం జేస్తారు?" అన్నాడు. పారబోస్తానన్నాను. "యాడ?" అన్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వేశాను. అప్పటికే నేను ఆ మడ్డిని స్కూలు వెనక కాలవలో పొయ్యాలని అనుకుని ఉన్నాను!

చాలామందిని ప్రశ్నించే అలవాటు చేసుకోమని చెప్పే మనిషిని ఒక కుర్రాడు సరైన ప్రశ్న వేసి ఇరికించాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంటపడి నేను తెలుసుకున్న చరిత్ర.

ముందు "శుద్ధి" అన్న మాట సంగతి చూద్దాం. మన పత్రికలు టానరీని తోళ్ళ శుద్ధి కర్మాగారం అంటాయి. దాని నీళ్ళను బాగు చేసే చోటును మురుగునీటి శుద్ధి కేంద్రం అంటాయి. అంటే శుద్ధి చేసే చోటు నుంచి వచ్చినదాన్ని మళ్ళీ శుద్ధి చెయ్యాలి! ఈ మాట మనకు రసాయన శాస్త్రం నుంచి రాలేదు, పురోహితుడి నుంచి వచ్చింది. ఇంట్లో మైలపడితే పసుపు నీళ్ళు చల్లితే మైల పోతుంది. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. అడగనక్కర్లేదు కూడా, ఎందుకంటే పోవడానికి అక్కడ ఏమీ లేదు. క్రోమియం అలా కాదు. అది మూలకం. కాల్చినా, కరిగించినా, మంత్రించినా క్రోమియం క్రోమియంగానే ఉంటుంది. నీళ్ళలోంచి తీస్తే మడ్డిలో ఉంటుంది, మడ్డి పారేస్తే మట్టిలో ఉంటుంది. ఉప్పు సంగతీ అంతే.

ఈ దేశంలో తోలు పని చేసేవాళ్ళనే అశుద్ధులన్నారు. మాదిగవాడ ఊరి చివర, గాలి ఊరి మీదికి రాని దిక్కున ఉండాలన్నారు. లందలో తోళ్ళు ఊనవేసి చెప్పులు, మోట బావి తొండాలు చేసి ఇస్తే వ్యవసాయం నడిచింది. తొండంలో వచ్చిన నీళ్ళు శుద్ధం, తొండం చేసిన మనిషి అశుద్ధం! ఏ పరికరంతోనూ కొలవలేని ఆ మైలను మూడువేల ఏళ్ళు జాగ్రత్తగా కాపాడుకొచ్చారు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలవగల అసలు మైల వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ తొందర లేకపోయింది.

అలాగని పాత లంద పద్ధతి స్వచ్ఛమని, క్రోమ్ వచ్చి అంతా పాడుచేసిందని అనే "ప్రకృతి" భక్తులతో నేను ఏకీభవించను. సున్నపు గుంటలో వెంట్రుకలు ఊడదీసి, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయల కషాయంలో వారాల తరబడి నానబెట్టేవారు. మన తంగేడునే తమిళులు ఆవారం అంటారు. మద్రాసు రాష్ట్రం నుంచి ఇంగ్లండుకు ఎగుమతైన "ఈస్టిండియా కిప్స్" తోళ్ళకు పేరు తెచ్చింది ఆ చెక్కే. కానీ ఆ నీళ్ళూ నల్లగా, కుళ్ళు కంపుతో, చేపలకు ప్రాణవాయువు లేకుండా చేసేవే. లందలు చిన్నవి, ఊరికి ఒకటి కాబట్టి నేల సర్దుకుంది. ఒకే పట్టణంలో వందలు చేరితే తంగేడు నీళ్ళు కూడా బావుల్ని చంపుతాయి.

క్రోమ్ చరిత్ర క్లుప్తంగా చెబుతాను. క్రోమియం లవణాలు తోలును కుళ్ళకుండా చేస్తాయని జర్మన్ శాస్త్రవేత్త నాప్ 1858లో చూపాడు. దాన్ని వ్యాపారానికి పనికొచ్చేలా చేసింది అమెరికాలో 1884లో షుల్ట్జ్ తీసుకున్న పేటెంటు, తర్వాత 1893లో డెనిస్ తీసుకున్న పేటెంటు. మద్రాసుకు తెచ్చింది ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో. వారాలు పట్టే పని ఒక రోజులో అయిపోతుంది. తోలు మెత్తగా, వేడికి తట్టుకునేలా వస్తుంది. అయినా మన దేశంలో చాలాకాలం చెక్క పద్ధతే నడిచింది, ఎందుకంటే మనం అమ్మేది సగం చేసిన తోలు. మిగతా పని యూరప్‌లో జరిగేది.

అది మారింది 1970లలో. సీతారామయ్య కమిటీ సిఫార్సుల మీద 1973లో కేంద్రం పచ్చి తోళ్ళ ఎగుమతి ఆపి, సగం చేసిన తోళ్ళ మీద పరిమితులు పెట్టింది. పూర్తిగా తయారైన తోలు, బూట్లు అమ్మితే డాలర్లు ఎక్కువ, ఉద్యోగాలు ఎక్కువ అన్నది ఆలోచన. తప్పు ఆలోచన కాదు. 1948లో మద్రాసులో పెట్టిన కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ అప్పటికే సిద్ధంగా ఉంది. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ దానికి 1958 నుంచి 1971 వరకు డైరెక్టరు. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, "అంటరాని" చదువును ఎంచుకుని, దాన్ని ప్రపంచ స్థాయి శాస్త్రంగా నిలబెట్టినవాడు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయాడు. మన పాఠ్యపుస్తకాలు ఆయనకు ఇంకొంచెం చోటిస్తే బాగుండేది.

కానీ ఆ విధానంలో ఒక లెక్క వదిలేశారు. యూరప్‌లో జరిగే పని ఇక్కడికి వచ్చిందంటే యూరప్‌లో పారే నీళ్ళు కూడా ఇక్కడే పారతాయి. ఆ లెక్క కాగితం మీద వేసి చూద్దాం. మామూలు పద్ధతిలో టన్ను తోలుకు సుమారు 80 కిలోల బేసిక్ క్రోమియం సల్ఫేట్ వేస్తారు. అందులో నాలుగో వంతు క్రోమిక్ ఆక్సైడ్, అంటే 20 కిలోలు. దానిలో అచ్చమైన క్రోమియం దాదాపు 13.7 కిలోలు. తోలు పీల్చుకునేది మూడింట రెండు వంతులు అనుకుందాం. మిగిలిన నాలుగున్నర కిలోలు పచ్చ నీళ్ళలో బయటికి వస్తుంది. రోజుకు పది టన్నులు చేసే షాపు 300 రోజులు నడిస్తే ఏడాదికి పదమూడున్నర టన్నుల క్రోమియం. ఒక్క షాపుది!

డ్రమ్ములోంచి వచ్చే ఆ నీళ్ళలో లీటరుకు రెండు వేలు, మూడు వేలు, ఒక్కోసారి అయిదు వేల మిల్లీగ్రాముల క్రోమియం ఉంటుంది. ప్రభుత్వం అనుమతించేది లీటరుకు 2 మిల్లీగ్రాములు. ఇక్కడే అందరికీ తట్టే ఉపాయం ఒకటుంది. మిగతా కాలవల నీళ్ళన్నీ అందులో కలిపేస్తే అంకె దానంతటదే తగ్గుతుంది. ఇంకా నీళ్ళు కలిపితే ఇంకా తగ్గుతుంది. పలచబడేకొద్దీ మహిమ పెరుగుతుందనే హోమియోపతి గురించి మనం చాలా రాశాం. పలచబడేకొద్దీ పాపం పోతుందనేది దానికి కవల సోదరి. రెండింటిలోనూ మర్చిపోయేది ఒకటే, బకెట్టు నీళ్ళు కలిపినంత మాత్రాన లోపలున్న పదార్థం బరువు తగ్గదని.

మరి సరైన పద్ధతి లేదా? ఉంది, కొత్తదీ కాదు. నేను ఆ ఊళ్ళో చూపించింది దాదాపు అదే. క్రోమ్ డ్రమ్ము నీళ్ళను వేరే కాలవలో పట్టి, వేరే తొట్టిలోకి తీసుకుని, జల్లెడ పట్టి, మెగ్నీషియం ఆక్సైడ్ వేసి కలుపుతారు. ఆమ్లగుణం పోయి పి.హెచ్. ఎనిమిది దాటేసరికి క్రోమియం హైడ్రాక్సైడ్‌గా అడుగుకు దిగుతుంది. రాత్రంతా తేరనిచ్చి, పై నీళ్ళు తీసేసి, మడ్డిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మళ్ళీ పచ్చటి క్రోమియం సల్ఫేట్ తయారు. దాన్ని కొత్త మందుతో కలిపి మర్నాటి తోళ్ళకు వాడుకోవచ్చు. కుర్రాడి ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు లేదు: ఎక్కడికీ పోలేదు, డ్రమ్ములోకే తిరిగి వెళ్ళింది.

మెగ్నీషియానే ఎందుకు, చౌకైన సున్నం, కాస్టిక్ సోడా ఉండగా? నేను తరగతిలో చాలాసార్లు చెప్పిన పాఠమే ఇది. క్రోమియం హైడ్రాక్సైడ్ ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారం ఎక్కువైతే అందులోనూ కరుగుతుంది. కాస్టిక్ సోడా చెయ్యి జారితే దిగిన క్రోమియం మళ్ళీ నీళ్ళలోకి ఎక్కుతుంది. పైగా దాని మడ్డి జావలా ఉండి త్వరగా తేరదు. సున్నం వేస్తే నీళ్ళలోని సల్ఫేటుతో జిప్సం తయారై మడ్డిని పాడుచేస్తుంది. మెగ్నీషియా నెమ్మదిగా కరుగుతుంది, ఎక్కువ వేసినా పి.హెచ్. హద్దు దాటి పోదు, మడ్డి బరువుగా దిగుతుంది. కూలి మనిషి చేతిలో పెట్టగల రసాయనం అది. ఇందులో కష్టమైన భాగం కెమిస్ట్రీ కాదు, కాలవ. క్రోమ్ నీళ్ళను మిగతావాటితో కలవకుండా వేరుచెయ్యాలి. దానికి నేల తవ్వి కొత్త కాలవ కట్టాలి, రోజూ చూసే మనిషి ఉండాలి. ఎక్కువ చోట్ల ఆగిపోయింది అక్కడే.

వేరుచెయ్యడం అవసరమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది, అది ప్రాణాల మీదిది. వెంట్రుకలు ఊడదీసే సున్నపు తొట్టిలో సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ నీళ్ళు క్షారంగా ఉన్నంతసేపు సల్ఫైడ్ లోపలే ఉంటుంది. క్రోమ్ డ్రమ్ము ఆమ్లపు నీళ్ళు దానిలో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకి లేస్తుంది. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన. ఎక్కువుంటే వాసనే తెలియదు, ఎందుకంటే ముక్కు పని చెయ్యడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని గుంటలోకి దిగిన మనిషి పైకి రాడు, అతన్ని తియ్యడానికి దిగిన రెండోవాడూ రాడు. మన పత్రికల్లో ఏటా కనపడే వార్త ఇది. సల్ఫైడ్‌కు మందు తెలియక కాదు. కొద్దిగా మాంగనీస్ సల్ఫేట్ వేసి గాలి కొడితే అది ఆక్సీకరణం చెంది ప్రమాదం లేనిదవుతుంది. దిగే మనుషులు ఏ కులాలవాళ్ళో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

మిగతా నీళ్ళకు మామూలు పద్ధతులే: పటిక గానీ ఫెర్రిక్ క్లోరైడ్ గానీ సున్నంతో కలిపి వేసి తేర్చడం, తర్వాత సూక్ష్మజీవులున్న తొట్టిలో గాలి కొట్టడం. ఇవి మురికిని, కంపును బాగానే తగ్గిస్తాయి. ఉప్పు జోలికి మాత్రం పోవు. పచ్చి తోలు కుళ్ళకుండా దాని బరువులో నలభై శాతం దాకా ఉప్పు పట్టిస్తారు, మొదటి కడుగులోనే అదంతా నీళ్ళలోకి వస్తుంది. దాన్ని దింపగల పటిక లేదు. పైగా మనం వేసే ప్రతి రసాయనమూ ఇంకాస్త ఉప్పును చేరుస్తుంది. అంటే నీళ్ళు ఎంత తేటగా కనపడితే అంత ఉప్పగా ఉండే అవకాశముంది. కంటికి కనపడేదే సత్యమనుకునేవాళ్ళు గమనించాలి.

పాలారును చంపింది ముఖ్యంగా ఈ ఉప్పే. కర్ణాటకలో పుట్టి, మా జిల్లా కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడుకు పోయే ఆ నదిలో ఏడాదిలో చాలా రోజులు ఇసకే ఉంటుంది. నీళ్ళు ఇసక కింద ఉంటాయి. అందులోకి పారిన ఉప్పు సముద్రానికి కొట్టుకుపోదు, కిందికి ఇంకి బావుల్లో తేలుతుంది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట చుట్టుపక్కల కొబ్బరిచెట్లు మాడిపోయి, బావి నీళ్ళు నోట్లో పెట్టుకోలేని స్థితి వచ్చింది. అక్కడి పౌరుల సంఘం ఒకటి 1991లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

తీర్పు 1996 ఆగస్టు 28న వచ్చింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ రాసిన ఆ తీర్పును హేతువాదులందరూ చదవాలంటాను. కిలో తోలుకు సుమారు 35 లీటర్ల నీళ్ళని, క్రోమ్ పద్ధతిలో సుమారు 170 రకాల రసాయనాలని, సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిందని అందులో నమోదైంది. అయిదు జిల్లాల్లో తొమ్మిది వందలకు పైగా టానరీలు. ఒక్కోదానికి పదివేల జరిమానా. నష్టం చేసినవాడే ఖర్చు భరించాలన్నది ఒక సూత్రం. నాకు ఇంకా నచ్చింది రెండోది. తమ పని హానికరం కాదని రుజువు చేసుకోవాల్సిన భారం పరిశ్రమదేనంది కోర్టు. అంతకుముందు రైతు తన బావి చచ్చిపోయింది ఫలానా షాపు వల్లేనని రుజువు చెయ్యాల్సి వచ్చేది. మహిమ ఉందన్నవాడే రుజువు చూపాలని మనం అరుస్తూ ఉంటాం కదా, "హాని లేదు" అన్నది కూడా అలాంటి దావాయేనని దేశపు అత్యున్నత న్యాయస్థానం గుర్తించింది.

ఉమ్మడి శుద్ధి కేంద్రాలు 1990ల మొదట్లోనే మొదలయ్యాయి, తీర్పు తర్వాత పెరిగాయి. ఆ తర్వాతి దశాబ్దంలో, ఉప్పు సమస్యకు జవాబుగా, చుక్క నీరు కూడా బయటికి వదలకూడదన్న నిబంధన వచ్చింది. నీళ్ళను పొరల గుండా వడగట్టి, మిగిలిన ఉప్పునీటిని కాచి ఇగిరిస్తారు. మంచి నీళ్ళు షాపుకు తిరిగి వెళ్తాయి. చివరికి మిగిలేది వంట ఉప్పు, సోడియం సల్ఫేట్, ఇంకేవేవో కలిసిన ముద్ద. కొనేవాడు లేడు, పారేసే చోటు లేదు. గోతాల్లో కట్టి రేకుల షెడ్డులో వానకు తడవకుండా పేరుస్తారు. యాడికి పొయ్యిందంటే, షెడ్డులోకి పొయ్యింది.

రాణిపేట గురించి రాసేవాళ్ళు తరచుగా చేసే పొరపాటు ఒకటి దిద్దాలి. తోలుకు వాడేది మూడు వేలెన్సీ ఉన్న క్రోమియం. దాని విషగుణం తక్కువ, నీళ్ళలో త్వరగా కదలదు. క్యాన్సర్ తెచ్చేది ఆరు వేలెన్సీ క్రోమియం, పసుపు రంగులో సులువుగా కరిగిపోయేది. "టానరీ నీళ్ళలో క్యాన్సర్ క్రోమియం" అని ఒక్క గాటన కట్టి రాస్తే అది మన ప్రత్యర్థులు చేసే పనే అవుతుంది. చిత్తూరు నుంచి రాణిపేట పోయే రోడ్డు మీద సిప్కాట్ పారిశ్రామిక వాడలో ఉన్న ఆరు వేలెన్సీ కుప్ప టానరీలది కాదు, టానరీలకు క్రోమ్ మందు, బైక్రోమేట్ తయారుచేసిన తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ ఫ్యాక్టరీది. 1970ల నుంచి 1990ల మధ్య దాకా నడిచి మూతపడింది. రెండు లక్షల టన్నులకు పైగా వ్యర్థం ఏళ్ళ తరబడి అక్కడే వానకు తడుస్తూ, పసుపు నీళ్ళు కారుస్తూ పడి ఉంది. అయితే మూడు వేలెన్సీది అమాయకమని కూడా అనకూడదు. మట్టిలోని మాంగనీస్ ఆక్సైడ్ల వల్ల, సున్నపు మడ్డిని కాల్చడం వల్ల అది ఆరుగా మారగలదు. అందుకే మడ్డిని ఎక్కడ పెట్టారన్నది చిన్న ప్రశ్న కాదు.

ఆ మడ్డి ఎక్కడుందో 2015 జనవరి 31 తెల్లవారకముందే దేశానికి తెలిసింది. రాణిపేట సిడ్కోలో ఉమ్మడి శుద్ధి కేంద్రం వ్యర్థాలు నిలవచేసిన తొట్టి గోడ కూలింది. పక్క తోల్ షాపులో నిద్రపోతున్నవాళ్ళ మీద పడింది. పది మంది చనిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన వలస కూలీలు. ఆ ఉదయం నాకు ఫోన్ వచ్చింది, 2013 నాటి కుర్రాడే. వాళ్ళ నాన్న పనిచేసేది వేరే షాపులో, ఆయన క్షేమం. "చెప్పినా గదా సార్" అని ఒక్క మాట అన్నాడు. అతను చెప్పలేదు, అడిగాడు. చెప్పవలసినవాణ్ణి నేను.

ఉత్తరాన కాన్పూరులో కథ ఇంకో మలుపు తిరిగింది. జాజ్‌మవ్ టానరీల గురించి సుప్రీంకోర్టు 1987 సెప్టెంబరు 22న తీర్పు ఇచ్చింది. కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమ ఎలా ఉండకూడదో, ప్రాథమిక శుద్ధి ఏర్పాటు చెయ్యలేని టానరీ కూడా అలాగే ఉండకూడదన్నది దాని సారాంశం. డచ్చివాళ్ళ సాయంతో రోజుకు 36 మిలియన్ లీటర్ల కేంద్రం కట్టి 1994లో మొదలుపెట్టారు. అందులో తొమ్మిది మిలియన్ లీటర్లు టానరీలవి, మిగతా ఇరవై ఏడు ఊరి మురుగు. ఆ కేంద్రం క్రోమియాన్ని తీసేందుకు కట్టింది కాదు. టానరీలే ముందు తీసి పంపిస్తాయని నమ్మి కట్టారు. అవి తియ్యలేదు. బయటికొచ్చిన నీళ్ళను చుట్టుపక్కల పల్లెల పొలాలకు పారించారు. గంగకు పోవాల్సిన క్రోమియం గోధుమ చేలకు పోయింది. దాన్ని గంగా ప్రక్షాళన అన్నారు!

ప్రయాగలో 2013, 2019, 2025 కుంభమేళాల స్నానాలప్పుడు కాన్పూరు టానరీల మీద ఆంక్షలు పెట్టారు. 2019 మేళా కోసమైతే 2018 చివర్లోనే మూయించారు. పంచాంగం చూసి తాళాలు వేశారు. కోట్లమంది మునిగే నీళ్ళు బాగుండాలనడం తప్పని నేననను. కానీ అదే నీళ్ళు పారించుకునే రైతుకు ముహూర్తం ఎప్పుడు? కాన్పూరు గంగలో కలిసే మురుగులో చాలా ఎక్కువ భాగం ఇళ్ళ నుంచి వచ్చేదే. దానికి తాళం వెయ్యడం కుదరదు, టానరీ యజమాని మతం, కూలివాడి కులం చూసి అరవడం మాత్రం సులువు.

గంగ తనను తానే శుద్ధి చేసుకుంటుందని వాదించేవాళ్ళు హాంకిన్ పేరు చెబుతారు. 1896లో ఆయన గంగ, యమున నీళ్ళు కలరా క్రిములను చంపుతాయని రాసింది నిజమే. ఆ గుణం క్రిములను తినే వైరస్‌లదని తర్వాత కాలంలో అర్థమైంది. ఆ నీళ్ళకే ప్రత్యేకం కాదు, అవి చాలా మురికి నీళ్ళలో ఉంటాయి. బాక్టీరియాను తినే వైరస్ క్రోమియాన్ని తినదు. ఒకసారి "జీవ ద్రావణం" అమ్మే ఆయన ఒకరు, తన సీసాలోని సూక్ష్మజీవులు క్రోమియాన్ని పూర్తిగా "నాశనం" చేస్తాయని నాతో వాదించాడు. కొన్ని బాక్టీరియా ఆరు వేలెన్సీని మూడుగా మార్చగలవు, అది నిజం, పనికొచ్చేదే. మూలకాన్ని నాశనం చెయ్యాలంటే ఆయన సీసాలో అణు రియాక్టరు ఉండాలి. అన్నాను. ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయాడు.

పొరుగున ఢాకాలో కూడా ఇదే జరిగింది. బూరిగంగ ఒడ్డున హజారీబాగ్ టానరీలకు 2017 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశంతో కరెంటు, నీళ్ళు కట్ చేసి సావర్‌కు పంపించారు. అక్కడి ఉమ్మడి కేంద్రం పూర్తి కాకముందే పంపించారు. ఈసారి పాడయింది ధలేశ్వరి నది.

వేలూరు విషయం అక్కడితో ఆగలేదు. 1996 తీర్పు ప్రకారం ఏర్పడిన అథారిటీ రైతులకు నష్టపరిహారం లెక్కకట్టి 2001లో ఆదేశమిచ్చింది. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్ళీ తీర్పు చెప్పాల్సి వచ్చింది: పరిహారం ఇంకా అందనివాళ్ళకు ప్రభుత్వమే ఆరు వారాల్లో చెల్లించి, కాలుష్యం చేసినవాళ్ళ నుంచి వసూలు చేసుకోవాలని, విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తితో ఒక కమిటీ వెయ్యాలని. బావి చెడినప్పుడు నలభై ఏళ్ళున్న రైతుకు ఇప్పుడు డెబ్బై, ఎనభై. ఉన్నాడనుకుంటే.

చెన్నై సంస్థవాళ్ళు నీళ్ళు దాదాపు లేకుండానే క్రోమ్ పట్టించే పద్ధతి 2010లలో తెచ్చారు. తోలు క్రోమియాన్ని ఇంకా బాగా పీల్చుకుంటుంది, మిగిలేది తక్కువ. ఉప్పు బదులు వేరేవి వాడే ప్రయత్నాలూ ఉన్నాయి. మొదటే తక్కువ వేస్తే తర్వాత తీయాల్సిందీ తక్కువ. వాడే షాపులు పెరగాలి.

ఆ కార్యక్రమం నేను ఇంకా చేస్తున్నాను. ఇప్పుడు చివర్లో జాడీ ఎత్తి, ఆ పచ్చ ఎక్కడికి పోయిందో మీరే చెప్పండని జనాన్ని అడుగుతాను. మడ్డిని కాలవలో పొయ్యను. బట్టలో వడగట్టి, ఇంటికి తెచ్చి, ఆమ్లంలో కరిగించి మళ్ళీ వాడుతున్నాను. ప్రతిసారీ కొంచెం మిగిలిపోతుంది, దాన్ని సీసాల్లో పోసి తేదీ రాసి బీరువాలో పెట్టాను. ఇప్పటికి తొమ్మిది సీసాలయ్యాయి. వాటినేం చేస్తారని మా ఆవిడ అడుగుతోంది.